ఉక్కు షాఫ్టు మీద నైలాన్ గేరు: బిగువును నమ్మాలా, ఆకారాన్ని నమ్మాలా?

చిత్తూరు మెయింటెనెన్స్:
చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు చూస్తాను. కాయలు కడిగే కన్వేయరులో 20 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టు మీద నైలాన్ గేరు ఉంది. తోతాపురి సీజను మొదట్లో, బోరును (గేరు మధ్య రంధ్రాన్ని) షాఫ్టు కన్నా 0.05 మిల్లీమీటరు తక్కువగా చేయించి ప్రెస్సుతో ఎక్కించాము. మూడు వారాలు బాగా నడిచింది. తరువాత షాఫ్టు తిరుగుతున్నా గేరు కదలడం మానేసింది. రోజూ రాత్రి వేడినీళ్ళతో కడుగుతాము. గేరు పక్క నుంచి షాఫ్టుకు నొక్కి పట్టే తల లేని గ్రబ్ స్క్రూ పెడితే నైలాన్‌లోని మర నాలుగు రోజుల్లో అరిగిపోయింది. ఇంకా బిగువుగా ఎక్కించమని ఒకరు, జిగురు వేయమని ఒకరు, కీ (షాఫ్టుకూ గేరుకూ మధ్య గాడిలో దిగే లోహపు ముక్క) వేయమని ఒకరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రేణిగుంట లేత్:
తప్పు ప్రెస్ ఫిట్‌లో లేదు, నున్నటి షాఫ్టులో ఉంది. షాఫ్టుకు నిలువు గీతల నర్లింగ్ కొట్టి గేరును ఎక్కిస్తే, ఆ గీతలు ప్లాస్టిక్‌లోకి దిగి పట్టుకుంటాయి. పైగా బేరింగులకు వాడే రిటైనింగ్ జిగురు కొంచెం రాస్తే సరిపోతుంది. నైలాన్‌లో కీవే (కీ దిగే గాడి) తవ్వితే మాత్రం దాని మూలల నుంచే పగుళ్ళు మొదలవుతాయి. అలా పగిలిన గేర్లు నా దగ్గరికి చాలా వచ్చాయి.

తిరుపతి మాస్టారు (మెకానికల్):
కీవే మూలల సంగతి నిజమే, మూలలను గుండ్రం చేయకపోతే పగులు తప్పదు. కాని జిగురు విషయంలో లేత్ గారితో ఏకీభవించలేను. ఆ రిటైనింగ్ జిగురు గాలి అందని చోట, లోహం తాకిడితో గట్టిపడే రకం. ఒక వైపు ప్లాస్టిక్ ఉంటే అది సరిగా గట్టిపడదు, కొన్ని ప్లాస్టిక్‌లను పగలగొడుతుంది కూడా.

అసలు సమస్య వేడిది. ఒక డిగ్రీ వేడికి స్టెయిన్‌లెస్ స్టీలు రకాన్ని బట్టి పది లక్షల్లో 10 నుంచి 17 వంతులు పెరిగితే, నైలాన్ 80 నుంచి 100 వంతులు పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఎక్కించిన గేరు మీద 70 డిగ్రీల నీళ్ళు పడి, ఆ వేడి లోపలికి దిగితే, 20 మిల్లీమీటర్ల బోరు షాఫ్టు కన్నా 0.05 నుంచి 0.07 మిల్లీమీటరు దాకా ఎక్కువ పెరుగుతుంది. మీరు ఇచ్చిన బిగువు 0.05 మాత్రమే. దీనికి తోడు నైలాన్ నీటిని పీల్చి ఉబ్బి మెత్తబడుతుంది, నిత్యం సాగి ఉన్న ప్లాస్టిక్ తన బిగువును తానే క్రమంగా వదులుకుంటుంది. ఇంకా బిగువుగా ఎక్కిస్తే హబ్ (షాఫ్టును పట్టుకునే గేరు మధ్య భాగం) పగిలే రోజు దగ్గరవుతుంది, అంతే.

మిక్సీ రిపేరు (తిరుపతి):
మిక్సీ కప్లర్‌ను గమనించండి. పైకి ప్లాస్టిక్, మధ్యలో లోహపు మర. మోటారు తిరిగే కొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. షాఫ్టును పట్టుకునే పని ప్లాస్టిక్‌కు ఎవరూ అప్పగించలేదు.

రేణిగుంట లేత్:
జిగురు మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను చేసిన నర్లింగ్ గేర్లన్నీ పొడి చోట, తక్కువ లోడు మీద తిరిగేవే అని ఒప్పుకుంటాను. అయితే మాస్టారు, మిక్సీ కప్లర్‌లా మధ్యలో లోహపు హబ్ చేసి గేరును బోల్టులతో దానికి బిగించినా, బోల్టు తల కింద నలిగే నైలాన్ కూడా సడలుతుంది కదా? నైలాన్ మానేసి ఎసిటాల్ అనే మరో ప్లాస్టిక్ వాడితే పోదా?

తిరుపతి మాస్టారు:
ఎసిటాల్ నీటిని చాలా తక్కువ పీలుస్తుంది కనుక గేరుగా మంచిదే, కాని వేడికి నైలాన్‌కు ఏమాత్రం తీసిపోకుండా పెరుగుతుంది. జిగురు కూడా దానికి సులువుగా అంటుకోదు. బోల్టు మీద మీ సందేహం న్యాయమైనదే. అందుకే తిప్పే పనిని బోల్టు బిగువుకు వదలకూడదు. హబ్ అంచులో నాలుగు డోవెల్ పిన్నులు (మర లేని లోహపు కడ్డీ ముక్కలు) పెట్టి లోడు వాటి మీద వేసి, బోల్టులకు ఉక్కు స్లీవులు (చిన్న గొట్టాలు) తొడిగితే బిగింపు స్లీవు మీద పడుతుంది, నైలాన్ నలగదు. 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తం మీద పిన్నులు ఉంటే, షాఫ్టు అంచు దగ్గర పడే బలంలో సగమే అక్కడ పడుతుంది, అదీ నాలుగుగా పంచుకుంటుంది. షాఫ్టుకూ హబ్‌కూ మధ్య కీ వేసుకోండి; అక్కడ లోహానికి లోహమే.

చిత్తూరు మెయింటెనెన్స్:
గేరు పక్కన 52 మిల్లీమీటర్ల చోటు ఉంది, 40 వృత్తం పడుతుంది. నీళ్ళలో ఉండే పని కనుక హబ్ కూడా స్టెయిన్‌లెస్‌లోనే చేయిస్తాను. పని రేణిగుంట లేత్ గారే ఒప్పుకుంటే ఆదివారం షాఫ్టుతో వస్తాను.

రేణిగుంట లేత్:
తీసుకురండి. షాఫ్టు మీద పాత గేరు కూర్చున్న చోట అరుగుదల ఉంటుంది. అక్కడ మైక్రోమీటరుతో కొలిచాకే హబ్ బోరు కోస్తాను.