సిరొంచ వైపు చుక్కల దుప్పులు: వానలు ఆగంగనే కెమెరాతో మాటు ఎక్కడ వెయ్యాలె?

ప్రాణహిత_గట్టు:
అన్నలందరికీ నమస్తే. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో అడవిని ఆనుకొని పత్తి, వరి చేలు. చేను చుట్టాలదే, పాత మంచె ఒకటి ఉంది. దసరా దాటినంక దుప్పుల ఫొటోల కోసం ఇద్దరం కూర్చుందామనుకుంటున్నం. సమస్య ఏందంటే, ఎండాకాలంల నీటిగుంట కాడ కూర్చుంటే గుంపులు గుంపులు వస్తయి. అదే గుంట కాడ అక్టోబరుల పొద్దంతా కూర్చున్నా ఒక్కటి రాదు. చేను గట్టు మీద నడిచిపోతే ఎనభై మీటర్ల కాడనే పసిగట్టి ఉరుకుతయి. కెమెరా క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) బాడీ, 100-400 ఎంఎం జూమ్ లెన్స్. అమెరికాల విల్లుతో వేటాడేటోళ్ళ వీడియోలు చూస్తే 20 గజాల లోపలికి రానిచ్చుకుంటున్నరు. ఆ ఉపాయాలు మన కెమెరాకు పనికొస్తయా? చేను చివర ఉప్పుగడ్డ పెడితే ఎట్లుంటది?

శిఖం_రేగడి (కిన్వట్):
తమ్మీ, ముందుగాల ఉప్పుగడ్డ మాట మర్చిపో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంల వేట అంటే చంపుడొక్కటే కాదు. ఉచ్చు వేసుడు, తరుముడు, ఎర పెట్టుడు అన్నీ వేట కిందికే వస్తయి. చేతిల ఉన్నది విల్లా కెమెరానా అని చట్టం చూడదు. చేను మీ చుట్టాలది కాబట్టి అందులో కూర్చునేందుకు ఇబ్బంది లేదు. కంచె దాటి అడవిల కాలు పెట్టాలంటే మాత్రం ఫారెస్టు రేంజ్ ఆఫీసుల అడగాలె. ఎట్లాగూ కూర్చునే ముందు బీటు గార్డుకు ఒక మాట చెప్పిపెట్టు. పులి తిరుగుతున్నదా లేదా నీకంటే ఆయనకే ముందు తెలుస్తది.

ఇగ నీటి సంగతి. వానలు ఆగినంక వాగుల నీళ్ళే, గుంటల నీళ్ళే, పశువుల అడుగు పడ్డకాడ కూడా నీళ్ళే. గడ్డి మీద మంచు సరేసరి. నీ గుంట కోసం అది ఎందుకు నడిచొస్తది? ఇప్పుడు దాని తిరుగుడంతా మేత మీద. అది కూడా నిలువెత్తు పెరిగి ముదిరిన గడ్డి కాదు. దుప్పికి పొట్టిగా, లేతగా ఉన్న పచ్చిక కావాలె. అక్టోబరు రెండో సగంల అసొంటి పచ్చిక ఖాయంగా దొరికేది చెరువు శిఖంలనే, అంటే చెరువు లోపలి నేలల. నీళ్ళు వెనక్కి తగ్గినకొద్దీ తడి మట్టి మీద కొత్త గరిక లేస్తది. వారం కింద నీళ్ళంచు ఎక్కడుండె, ఇయ్యాల ఎక్కడుంది, ఆ రెండింటి నడుమ పట్టీ చూడు. జాడలన్నీ అందులోనే ఉంటయి.

రెండోది కొండముచ్చులు. అవి చెట్టు మీద ఆకులు, కాయలు సగం తిని సగం కింద పారేస్తయి, దుప్పులు కింద ఏరుకుంటయి. పొద్దుగాల కొండముచ్చుల గుంపు ఏ చెట్ల మీద ఉన్నదో విని పెట్టుకో.

జాడ కొత్తదా పాతదా ఎట్ల తెలుస్తదంటవా? పెంటికలు నిగనిగలాడుతూ, పుల్లతో ఒత్తితే మెత్తగా అణిగితే రాత్రివి. బూడిద రంగుకు తిరిగి పొడి అయితే పాతవి. గిట్ట జాడయితే అంచు చూడు. రాత్రి చెట్ల కింద మంచు బొట్టు రాలుతది కదా, జాడ లోపల ఆ చిన్న చిన్న గుంటలుంటే అది మంచు కురవకముందుది. గుంటలు లేక అంచు కత్తిరించినట్టుంటే తెల్లవారుజామున పడ్డది.

పొద్దుగాల, సాయంత్రం రెండూ ఒక్కటే అనుకొని చాలామంది ఇక్కడ్నే దెబ్బతింటరు. దుప్పి రాత్రి బయల్లనే ఉంటది, ఎండెక్కినంక నీడకు పోతది. అంటే తెల్లారుజామున నువ్వు శిఖంలకు పోతే, అవి అప్పటికే అక్కడున్నయన్నట్టు. టార్చి వేసుకొని గుంపు నడుమ నుంచి నడిచిపోయి తర్వాత మూడు గంటలు మాటుల కూర్చుంటే ఏం లాభం? పొద్దుగాలైతే మేతకు, నీడకు నడుమ అవి వాపసు పోయే దారి పక్కన, అడవి దిక్కు నుంచి కాకుండా చేను దిక్కు నుంచి పోయి కూర్చోవాలె. సాయంత్రమైతే శిఖం అంచునే, మూడున్నరకల్లా. నేనైతే కొత్తోళ్ళకు సాయంత్రమే చెప్త.

వాలుగాలి:
అమెరికాలో చాలా రాష్ట్రాల్లో విల్లు సీజను సెప్టెంబరులోనో అక్టోబరు మొదట్లోనో మొదలవుతుంది. అక్కడి వైట్‌టెయిల్ జింక వేరు, మన దుప్పి వేరు. కానీ సీజను మొదట్లో వాళ్ళ తిప్పలూ ఇవే: ఆకు దట్టం, ఎండ, మేత ఎక్కడపడితే అక్కడ. ఇక్కడ వేట నేరం కాబట్టి బాణం సంగతి వదిలేద్దాం. బాణం వదిలే ముందు దాకా వాళ్ళు చేసే పని మాత్రం అక్షరాలా మన పనే. అందులో గాలిదే ముప్పాతిక భాగం.

టాల్కం పొడి చల్లి గాలి చూసేవాళ్ళున్నారు. పొడి మూరెడు దూరంలో మాయమవుతుంది, ఆ తర్వాత గాలి ఎటు తిరిగిందో చెప్పదు. అక్కడివాళ్ళు ఒకరకం పాలమొక్క దూది వాడతారు. మనకు దాని చుట్టమే ఉంది, జిల్లేడు. ఎండాకాలంలో కాయ పగిలినప్పుడు దూది తీసి చిన్న డబ్బాలో పెట్టుకోండి. లేదంటే దిండులోని బూరుగు దూదయినా సరే. చిటికెడు కాదు, ఒక్క పోగు. మునివేళ్ళతో విడదీసి, ఊదకుండా వదిలేయండి. ముప్పై మీటర్ల దాకా కంటికి కనిపిస్తూనే వెళుతుంది. తెల్లవారుజామున చూస్తే అది నేలకు దిగి, నీళ్ళు పారినట్టే పల్లం వైపు వాగులోకి జారుతుంది. మీ వాసనా అలాగే జారుతుంది. కాబట్టి పొద్దున దుప్పులు పల్లంలో ఉండి మీరు మెరకన కూర్చుంటే గాలి లేదనుకున్న రోజున కూడా దొరికిపోతారు. ఎండ తగిలాక, సుమారు ఎనిమిదిన్నర తొమ్మిది మధ్య, ఇదే గాలి మెరకకు ఎక్కడం మొదలుపెడుతుంది. మారే ఆ అరగంటలో దూది పోగు గుండ్రంగా తిరుగుతుంది. అప్పటికి లేచి వచ్చేయడం మంచిది. ఉండి బెదరగొడితే ఆ చోటు కొన్నాళ్ళు పాడు.

ఒకే చోట రోజూ కూర్చోవద్దు. మూడు చోట్లు చూసి పెట్టుకుని ఆ పూట గాలిని బట్టి ఒకటి ఎంచుకోండి. గాలి మూడింటికీ కుదరకపోతే ఇంట్లో ఉండి టీ తాగండి.

మంచె_మెట్టు:
గాలి గురించి పైన చెప్పిందంతా సరే. కంటి సంగతి నేను చెప్తా.

దుప్పికి ఎరుపు, నారింజ విడిగా తెలియవు. నీలం మాత్రం మనకంటే బాగా తెలుస్తుంది. జీన్స్ ప్యాంటు వేసుకుని పైన మిలిటరీ చొక్కా తొడుక్కునేవాళ్ళు ఇది గమనించాలి. సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే రసాయనం వల్ల ఖాకీ బట్ట కూడా దాని కంటికి పొద్దున మసక వెలుతురులో పాలిపోయి మెరుస్తుంది. మాటు బట్టలు కుంకుడుకాయ రసంతో ఉతకండి. వాసన పోతుందని కాదు, ఆ మెరుపు రాకుండా. వాసన తగ్గించే స్ప్రేలకు డబ్బు తగలెయ్యొద్దు, గాలి తప్పితే ఏ స్ప్రే కాపాడదు.

మంచె పదీ పన్నెండు అడుగులుంటే చాలు. వానాకాలం గడిచిన మంచె ఎక్కే ముందు ఒక్కో మెట్టునీ కర్రతో కొట్టి చూడండి. చెద లోపల తినేసి పైన బెరడు అలాగే ఉంచుతుంది, కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. జనపతాడు కట్లు తడికి కుళ్ళి ఉంటాయి, అన్నీ కోసేసి 8 ఎంఎం నైలాన్ తాడుతో కట్టండి. నడుముకూ కొమ్మకూ మధ్య ఇంకో తాడు. మంచె మీద కునుకు పట్టడం మామూలే.

చుట్టూ కట్టడానికి ఎరువుల షాపులో దొరికే గ్రీన్‌నెట్ చాలు, కానీ రెండు పొరలు కావాలి. ఒక పొరైతే వెనకనుంచి వెలుతురు పడి మీ నీడ బొమ్మలా కనపడుతుంది. మీ వెనక ఆకాశం ఉండకూడదు, ఆకులుండాలి. నెట్ అడుగు అంచు కట్టకపోతే గాలికి రెపరెపలాడుతుంది, ఆ కదలికే చాలు. లెన్స్ ఎత్తులో జానెడు కన్నం.

మీ లెన్స్ లెక్క చూద్దాం. క్రాప్ బాడీ మీద 400 దగ్గర, 20 మీటర్లకు ఫ్రేము వెడల్పు 1.2 మీటర్లే వస్తుంది. నిండుగా పెరిగిన మగ దుప్పి అడ్డంగా నిలబడితే తోకో మూతో తెగిపోతుంది. 30 మీటర్లకు 1.8 మీటర్లు, సరిగ్గా సరిపోతుంది. విల్లువాళ్ళ 20 గజాలు మీకక్కర్లేదు. మాటుకూ దారికీ మధ్య ముప్పై మీటర్లు అడుగులతో కొలిచి కూర్చోండి. తెల్లవారుజామున లెన్స్ కన్నం ఎఫ్ 5.6 దగ్గర, వెలుతురు పట్టే ఐఎస్ఓ 3200 నుంచి 6400 దాకా పోవాల్సి వస్తుంది, ఫరవాలేదు. మేసేటప్పుడు చెవులు ఆడుతూనే ఉంటాయి కాబట్టి షట్టరు వేగం 1/500 సెకను కన్నా దించకండి. ఫోకస్ కోసం వెలిగే చిన్న లైటు, బీప్ రెండూ ఆపేయాలి. సైలెంట్ షట్టరు నిలబడినవాటికి మంచిది, పరిగెత్తేవాటికి కాళ్ళు వంకర వస్తాయి.

కెమెరా ఎత్తడం అది తల దించినప్పుడే. అయితే అనుమానం వచ్చిన దుప్పి మేస్తున్నట్టు తల దించి, రెండు సెకన్లకే ఠక్కున ఎత్తుతుంది. మొదటిసారి దించినప్పుడు కదలకండి. తోక ఆడిస్తూ మళ్ళీ మేతలో పడ్డాక ఎత్తండి. ముందుకాలు నేలకేసి కొట్టిందంటే దానికి అనుమానం వచ్చినట్టే, మీ ఆట సగం చెడినట్టే, బొమ్మలా ఉండిపోండి.

ఇంకొకటి, ఈ నెలల్లో చాలా మగవాటి కొమ్ములకు ఇంకా మెత్తటి పొర ఉంటుంది. గట్టి కొమ్ముల ఫొటోనే కావాలంటే ఎండలు ముదిరే దాకా ఆగాలి. పొర మీద పక్కవెలుగు పడితే అంచంతా బంగారు నూగులా వస్తుంది. నన్నడిగితే అదే అందం.

కళింగ_డొంక (బరంపురం):
ఇక్కడ దుప్పి గురించే నడుస్తోంది గానీ, ఒడిశా గంజాం జిల్లాలో భేట్నయి, బాలిపదర్ వైపు కృష్ణజింకలకు వచ్చేవాళ్ళూ ఇది చదువుతారని రాస్తున్నాను. ఏటంటే, పైన చెప్పిన మాటు అక్కడ సాగదు. బోసి పొలాలు, దాక్కోడానికి చెట్టుండదు. ఆ జింకలు చేలో తిరిగితే వానలు, పంటలు బాగుంటాయని అక్కడి ఊళ్ళవాళ్ళ నమ్మకం. తరతరాలుగా కాపాడుకొస్తున్నారు. అంచేత రైతుని అడక్కుండా చేలో దిగితే జింక కన్నా ముందు ఊరే పట్టుకుంటుంది.

కారే మాటు. బాటమీద ఆపి, ఇంజను కట్టేసి, అద్దం మీద బియ్యం పోసిన సంచి పెట్టి దానిమీద లెన్స్. దిగి నడవాలంటే దానివైపు తిన్నగా నడవకండి. ఏటవాలుగా, దాన్ని చూడనట్టు, మధ్యలో కూర్చుంటూ లేస్తూ. గట్టుచాటున మోకాళ్ళ మీద కూర్చుంటే దాని కంటి ఎత్తుకు వస్తారు. తొమ్మిది దాటాక నేలమీంచి ఎండ సెగ లేస్తుంది, ఎంత మంచి లెన్సయినా బొమ్మ అలుక్కుపోతుంది. ఫోకస్ తప్పిందని కెమెరాని తిట్టుకోవద్దు. గెంతే ఫొటో కోసం బైకు మీద తరమడం పైన చెప్పిన చట్టం ప్రకారం వేటే. గడ్డిలో ఒంటరిగా పడుకున్న పిల్ల కనిపిస్తే తల్లి వదిలేసిందనుకుని దగ్గరికి పోకండి, అది దాక్కునే పద్ధతే అంత.

ప్రాణహిత_గట్టు:
చాలా సంతోషం అన్నలు. రెండు డౌట్లు. మంచె మీద ఇద్దరు కూర్చుంటే ఒకరికొకరు ఎట్ల చెప్పుకోవాలె? సాయంత్రం చీకటి పడ్డంక గుంపు ముంగటనే మేస్తుంటే దిగి వచ్చుడెట్ల?

శిఖం_రేగడి (కిన్వట్):
గుసగుస అసలే వద్దు, గుసగుసలోని 'స' శబ్దమే దూరం పోతది. మోకాలు మీద వేలు. ఒకసారి తడితే కుడి, రెండుసార్లు ఎడమ, గట్టిగా పట్టుకుంటే కదలకు అని. ఒకడు ఫొటో తీస్తే ఇంకోడు వెనక, పక్కలు చూడాలె. గంటకోసారి మార్చుకోండి, లేకుంటే దోస్తానా చెడిపోతది. బీడీ, దోమల బత్తి రెండూ వద్దు. నిండు చేతుల అంగీ, ప్యాంటు మేజోళ్ళలకు దోపుకోండి. గడ్డిల నల్లుల్లాంటి సన్న పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తది. కూర్చొని వచ్చినంక మూడు వారాల లోపల జ్వరం, ఒంటి మీద నల్లటి చెక్కు కనిపిస్తే గడ్డిల కూర్చున్న సంగతి డాక్టరుకు చెప్పాలె.

దిగుడు సంగతి. మీరు ఆడికెల్లి దిగంగ గుంపు చూసిందంటే మంచె ఏందో దానికి తెలిసిపోతది, మల్ల అటు దిక్కు తల పెట్టది. అమెరికాల విల్లువాళ్ళు చేసే పనే చెయ్యి. మూడోవాణ్ణి బండి తోని పిలిపించు. చేను కాడికి రోజూ వచ్చే ట్రాక్టరైతే ఇంకా మంచిది. అది వస్తే గుంపు మెల్లగ అడవి దిక్కు జరుగుతది, అప్పుడు దిగి ఎక్కండి.

మంచె_మెట్టు:
అది తరమడం కాదా మరి?

శిఖం_రేగడి (కిన్వట్):
హారన్ కొట్టి, లైట్లు వాటి మీద వేసి, శిఖంలకు దింపితే తరుముడే. ట్రాక్టరు రోజూ వచ్చే బాట మీదనే, రోజూ వచ్చే వేగంల వచ్చి మంచె కింద ఆగాలె. అంతే. ఆ మూడోవాడు ఊకె వచ్చేటోడు కాదు, ధైర్యం కోసం కూడా. గుంపంతా మీ దిక్కు కాకుండా ఇంకో దిక్కు చూసి ఆగకుండా కూస్తున్నదంటే, పైన కొండముచ్చు కూడా అందుకున్నదంటే, పులో చిరుతో ఉన్నట్టు. బండి వచ్చే దాకా కింద కాలు పెట్టొద్దు. చీకట్ల గట్ల మీద నడిచి రానేవద్దు. పందుల కోసం కొందరు దొంగతనంగా కరెంటు తీగ గుంజుతరు, అది కంటికి కనపడదు. పగటిపూట ఉచ్చో తీగో కనిపిస్తే ముట్టకుండా ఫొటో తీసి, మహారాష్ట్ర అటవీ హెల్ప్‌లైన్ 1926కు చెప్పు.

వాలుగాలి:
ఫొటోలు ఇక్కడ పెట్టేటప్పుడు లొకేషన్ తీసేసి పెట్టండి. చెరువు పేరు కూడా రాయొద్దు. ఉచ్చులు వేసేవాళ్ళకూ ఫోన్లున్నాయి.