పచ్చడి పౌచ్‌ల బరువు టన్నుల్లో ఎలా తేల్చాలండీ?

నమస్కారమండీ. పాలకొల్లు దగ్గర ఓ పచ్చళ్ల కంపెనీలో లెక్కలు చూస్తుంటాను. మాది చిన్న పరిశ్రమ స్థాయి దాటేసరికి ప్లాస్టిక్ ప్యాకింగ్ ఈపీఆర్ (మనం వాడిన ప్లాస్టిక్ చెత్తయ్యాక దాన్ని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత) మా మెడకు చుట్టుకుంది. సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ అయింది. వార్షిక రిటర్ను జూన్ 30లోపు వేయాలి.

చిక్కల్లా ఒకటే. పోర్టల్ టన్నులు అడుగుతుంది, మా బిల్లుల్లో పౌచ్‌లు వేలల్లో ఉంటాయి. నిన్న పావుకిలో ఆవకాయ ఖాళీ పౌచ్‌లు వంద కాటా మీద పెడితే 640 గ్రాములు తూగాయి. అదే సప్లయరు ఇచ్చిన ఇంకో లాటు 700 దాటింది! సగటు తీసి రాయొచ్చా, లాటువారీగా తూచాలా?

రిటర్నులో ప్లాస్టిక్ డబ్బాలు కేటగిరీ 1, ఉత్త ప్లాస్టిక్ కవర్లు 2, మధ్యలో అల్యూమినియం రేకున్నవి 3. అక్కడిదాకా తెలుసు. మరి లోపల వెండిలా మెరిసే పూత మాత్రమే ఉండి, రేకు లేని పౌచ్‌ని మీరు దేంట్లో చూపిస్తున్నారు?

బిల్లు మీద ఈపీఆర్ నంబరు వేయమంటే సప్లయరు "చూద్దాం లెండి" అంటాడు. ఏజెంటు ఒకాయన అంతా తనకొదిలేయమంటున్నాడు గానీ, లెక్క తప్పితే పర్యావరణ పరిహారం కట్టేది ఆయన కాదు కదా. మీలో ఎవరైనా సొంతంగా రిటర్ను వేసుంటే కాస్త చెప్పండి.