ఆరు వారాల వనరాజ కోడిపిల్లలకి అన్నం, వంటింటి మిగులు ఎంతవరకు పెట్టొచ్చు?

రావులపాలెం తోట (ప్రశ్న)

25 వనరాజ (పెరట్లో పెంచే కోళ్ల రకం) పిల్లలున్నాయండి, ఆరు వారాలు నిండాయి. పగలు కొబ్బరితోటలో తిరిగి రాత్రికి గూట్లోకి వస్తాయి. రెండు పూటలా స్టార్టర్ మేత (కోడిపిల్లల కోసం తయారుచేసిన దాణా) పెడుతున్నాం. దాంతోపాటు మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, చేపల పేగులు, రొయ్య తలకాయలు వేస్తున్నాం. వారం నుంచి స్టార్టర్ తొట్టిలోనే మిగిలిపోతోంది. అన్నం గిన్నె కనపడితే మాత్రం ఎగబడుతున్నాయి. ఏది ఎంత పెట్టొచ్చు, ఏది అసలు వద్దు? కాల్షియం కోసం గుల్ల పొడి ఇప్పటినుంచే కలపాలా?

లంక రైతు

స్టార్టర్ మిగలడానికి కారణం ఆ అన్నమేనండి. అన్నంలో మూడింట రెండు వంతులు నీళ్లే. మెడ కింద మేతసంచి దాంతో నిండిపోతే పిల్ల ఇంక తొట్టి దగ్గరకి రాదు. స్టార్టర్‌లో ప్రోటీన్ 20 శాతం దాకా ఉంటుంది, బియ్యంలో 8 శాతం లోపే. పొడి బరువులో సగం ఇది, సగం అది తిన్నాయంటే మొత్తం మీద 14కి పడిపోయినట్టే. ఈకలు ఆలస్యంగా రావడం, ఒకదాన్నొకటి పొడుచుకోవడం అక్కడే మొదలవుతాయి. మీ స్టార్టర్‌లో రక్తపారుడు (రెట్టలో రక్తం పడే జబ్బు) రాకుండా మందు కలిపి ఉంటే, తిండి తగ్గినకొద్దీ దాని మోతాదు కూడా తగ్గిపోతుంది.

ఈ వయసు పిల్ల రోజుకి సుమారు 40 గ్రాముల మేత తింటుంది, అంటే మీ 25కి కిలో. మిగులు అందులో పదో వంతు దాటకూడదు. ఆకుకూర, అన్నం, తొక్కలు అన్నీ కలిపి 100 గ్రాములు. ఒకసారి కాటాలో తూచి చూడండి, ఎంత తక్కువో తెలుస్తుంది.

పొద్దున్నే మిగులు పెట్టకండి. గూడు తెరవగానే స్టార్టర్, తర్వాత తోటలోకి. సాయంత్రం నాలుగున్నరకి, అవి గూటికి మళ్లే వేళకి, వెడల్పాటి పళ్లెంలో మిగులు వేయండి. ఒకే గిన్నెలో పోస్తే బలమైనవి నాలుగు తినేసి బక్కవి పక్కకి పోతాయి, అందుకే రెండు మూడు పళ్లేలు ఉండాలి. పావుగంటకి మిగిలింది తీసేయండి. నేలమీద చల్లితే తడికి రెట్ట కలిసి రక్తపారుడు క్రిములు పెరుగుతాయి, వానాకాలంలో మరీనూ.

గుల్ల ఇప్పుడు వద్దు. ఎదిగే పిల్లకి కాల్షియం 1 శాతం చాలు, అది స్టార్టర్‌లోనే ఉంది. ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఐదు నెలలు దాటి, గుడ్డుకొచ్చే ముందు వేరే చిప్పలో పెట్టండి. ఇప్పుడు కావలసింది ఇసుక. మన ఒండ్రు మట్టిలో రాయి దొరకదు కదా, ఎంత తిరిగినా కందనకాయలోకి నూరే రాళ్లు చేరవు. గోదావరి ఇసుక జల్లించి, నువ్వుగింజకీ పెసరగింజకీ మధ్య సైజు పలుకులు కడిగి ఒక చిప్పలో ఉంచండి. తీరం దగ్గరి ఇసుకయితే ఉప్పు పోయేదాకా కడగాలి. ఇసుక లేకుండా పొడుగు గడ్డి, పీచు తొక్కలు తింటే మేతసంచిలో ఉండచుట్టుకుంటాయి. తోటకూర, మునగాకు సన్నగా తరిగే వేయండి.

పెరటి వైద్యం

పై మాటలకి తోడుగా ఒక్కటి. ఉత్త తెల్లన్నం మీద పెరిగే పిల్లల్లో బి1 విటమిన్ లోపం వస్తుంది. 1890ల్లో జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ చూసింది సరిగ్గా ఇదే. ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం తిన్న కోళ్ల కాళ్లు చచ్చుబడ్డాయి, పాలిష్ పట్టని బియ్యానికి మార్చగానే కోలుకున్నాయి. 1929లో ఆయనకి నోబెల్ వచ్చింది ఆ పరిశోధన వల్లే.

మెడ తేడాగా కనిపిస్తే ఇలా గమనించండి. తల వెనక్కి విరిచి ఆకాశం చూస్తూ కూలబడితే బి1 లోపం అనుకోవచ్చు. పశువైద్యుడు బి1 ఇస్తే గంటల్లోనే తేడా కనిపిస్తుంది. మెడ పట్టు తప్పి ముందుకి వాలిపోతే కుళ్లినదేదో, పురుగుపట్టిన కళేబరమేదో తిన్నట్టు. మెడ పక్కకి మెలిపడి, ఆకుపచ్చ రెట్ట, రొప్పు కూడా ఉంటే కొక్కెర తెగులు (రాణిఖేత్). దాన్ని వెంటనే విడదీసి పశువైద్యశాలకి తెలపాలి.

చేపల పేగులు పచ్చివి వేయొద్దు. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1ని నాశనం చేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే పోతుంది. అన్నం, పచ్చి చేప రెండూ కలిస్తే లోపం రెండు వైపులనుంచీ వస్తుంది.

ఆక్వా గట్టు

రొయ్య తలకాయలు మంచివే, కానీ ఉప్పు లేకుండా పది నిమిషాలు ఉడికించి, ముళ్లు తుంచి, దంచి పెట్టాలి. ఎండుచేప, ఆవకాయ ఊట, సాంబారు, ఉప్పేసిన కుడితి మాత్రం పిల్లలకి తగలనివ్వకండి. ఉప్పెక్కువైతే విపరీతమైన దాహం, నీళ్ల రెట్ట, తర్వాత చావు.

బూజు పట్టిన నూకలు, వేరుశనగ చెక్క, కుళ్లు కొబ్బరి ఉడికించి పెట్టినా విషం పోదు. పారేయడమే. మిల్లు తవుడు కూడా తాజాది కొద్దికొద్దిగా తెచ్చుకోండి, నిలవుంటే నూనె చెడి చేదెక్కుతుంది. పచ్చగా మారిన బంగాళాదుంప తొక్కలు, ఉడకని రాజ్మా గింజలు వద్దు.

చికెన్ కొట్టు వ్యర్థం గూటి దరిదాపులకి రానివ్వకండి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ నిర్ధారణైంది. అలాంటి వ్యర్థంతో జబ్బు నేరుగా పెరట్లోకి వస్తుంది.

రావులపాలెం తోట

చాలా ఉపయోగపడిందండి. అన్నం మానిపిస్తే ఒక్కసారిగా ఇబ్బంది పడవా? ప్రోటీన్‌కి చెదలు పట్టి వేయొచ్చంటారు, నిజమేనా?

లంక రైతు

ఒక్కసారిగా ఆపక్కర్లేదు. నాలుగు రోజులు సగం చేసి, అయిదో రోజునుంచి సాయంత్రం రెండు పిడికెళ్లతో సరిపెట్టండి. తొట్టిలో స్టార్టర్ ఖాళీ అవుతోందో లేదో అదే మీకు కొలత.

చెదలు బాగా పనికొస్తాయండి. పాత కుండలో ఎండుగడ్డి, కొబ్బరి పీచు, కాస్త పేడ కూరి తడిపి, చెద ఉన్న చోట సాయంత్రం బోర్లించండి. పైన తడి గోనె కప్పాలి. తెల్లారేసరికి నిండా పడతాయి. ఎండ ఎక్కకముందే పిల్లల ముందు విదిలించండి, ఆలస్యమైతే తిరిగి నేలలోకి దిగిపోతాయి. ఇంటి చుట్టూ, కొబ్బరి మొదళ్లలో చెదమందు పోసిన చోట మాత్రం కుండ పెట్టొద్దు.