మగది దొరకలేదు: ఆడ నమూనాతోనే కొత్త జాతికి పేరు పెట్టవచ్చా?

మట్టిపెళ్ల
పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో ఇనుప ఖనిజం కోసం తవ్విన బోర్లలోకి ఉచ్చులు దింపుతారు. వాటిలో పడిన జీవులను సూక్ష్మదర్శిని కింద వేరుచేయడం నా పని. ఉచ్చంటే కుళ్లిన ఆకులు కూరిన ప్లాస్టిక్ గొట్టం, అంతే. ఈసారి ఒకే గుట్ట మీది రెండు బోర్ల నుంచి మూడు పొట్టి తోక కొరడా తేళ్లు వచ్చాయి. కొత్తవారి కోసం ఒక మాట: పేరులో తేలు ఉన్నా ఇవి తేళ్లు కావు. విషమూ లేదు, కొండీ లేదు. సాలీళ్లకు దూరపు చుట్టాలు. చాలావరకు అయిదు మిల్లీమీటర్లు దాటవు. మొదటి జత కాళ్లను మీసాల్లా చాచి, తడుముకుంటూ తిరుగుతాయి.

నాకు దొరికిన మూడింటిలో ఒకటి ఎదిగిన ఆడది, రెండు పిల్లలు. ఆడదాని శుక్రగ్రాహికలు, అంటే జతకట్టాక మగదాని వీర్యాన్ని దాచుకునే లోపలి సంచులు, ఇక్కడి కొరడా తేళ్ల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అయిన డ్రాక్యులాయిడిస్‌లో ఇంతవరకు వర్ణించిన వేటితోనూ కలవడం లేదు. మైటోకాండ్రియా డీఎన్ఏ కూడా వేరుగానే ఉంది. పేరు పెట్టి ప్రచురించాలని నేను, మగది దొరికేదాకా ఆగాలని నాతో పనిచేసే ఆవిడ. మీరేమంటారు?

పాత సీసా
ఆవిడే సరి. ఈ వర్గంలో జాతిని గుర్తుపట్టేది ముఖ్యంగా మగదాని తోకతో. ఆడదాని తోక సన్నగా, మూడు నాలుగు ముక్కలుగా ఉంటుంది. ఒక జాతికీ మరో జాతికీ పెద్ద తేడా కనిపించదు. మగదానిది ఒకే ముక్క, ఉబ్బి ఉంటుంది, ఒక్కో జాతిలో ఒక్కో ఆకారం. జతకట్టేటప్పుడు ఆడది దాన్నే నోటి కొనలతో పట్టుకుని మగదాని వెంట నడుస్తుంది. అంటే తాళంచెవి మగదాని దగ్గర ఉంది. తాళంచెవి చూడకుండా తలుపు మీద పేరు రాస్తానంటున్నారు.

గులకరాయి
మగది దొరుకుతుందని ఎవరు హామీ ఇస్తారు? ఈ వర్గంలోదే స్టెనోక్రస్ పోర్టోరికెన్సిస్ అనే జాతి సంగతి చూడండి. యూరప్‌లోని వేడి గాజు గృహాల్లోకి మొక్కల కుండీలతో పాటు చేరి, మగది లేకుండానే ఆడవే సంతానాన్ని కంటూ బతికేస్తోంది. అలాంటి గుంపు ముందు కూర్చుని మగదాని కోసం ఎదురుచూడటం పెళ్లికొడుకు లేని పందిట్లో ముహూర్తం చూడటమే.

పాత సీసా
ఆ ఉదాహరణ నాకే పనికొస్తుంది. ఆ ఒక్క జాతికే వేరువేరు చోట్ల వేరువేరు పేర్లు పెట్టారు. తర్వాత అవన్నీ ఒకటేనని తేలి పర్యాయనామాల జాబితాలోకి చేరాయి. పేరు పెట్టడం ఒక పూట పని, దాన్ని కొట్టివేయడానికి ఒక తరం పడుతుంది.

చీకటి మెట్టు
మగది దొరికినా చిక్కు తీరదు. 2013లో ఈశాన్య బ్రెజిల్ గుహల నుంచి ఈ వర్గంలోనే రోలాండియస్ అనే ప్రజాతిలో రెండు కొత్త జాతులను వర్ణించారు. వాటిలో రోలాండియస్ పోటిగ్వార్ మగవాటిలో కొన్నింటికి పెడిపాల్పులు, అంటే ఎరను పట్టే అవయవాలు, బాగా పొడవు. మరికొన్నింటికి ఆడవాటిలాగే పొట్టి. చాలా నమూనాలు ఉండబట్టి ఒకే జాతి అని తేలింది. పొడవు రకం ఒకటి, పొట్టి రకం ఒకటి మాత్రమే దొరికి ఉంటే? ఇద్దరు శాస్త్రవేత్తలు రెండు పేర్లు పెట్టి హాయిగా ఇంటికి వెళ్లేవారు. కాబట్టి అడగవలసింది మగదా ఆడదా అని కాదు, ఎన్ని ఉన్నాయని. మూడు చాలవు. అందులో రెండు పిల్లలు!

మట్టిపెళ్ల
చీకటి మెట్టు గారూ, మూడు తక్కువేనని ఒప్పుకుంటాను. కానీ ఆ గుట్ట తవ్వకానికి వెళ్లనుంది. పేరులేని జీవిని ఎవరు కాపాడతారు? నివేదికలో 'గుర్తించని జాతి 3' అని రాస్తే, పక్క ప్రయోగశాల దాన్నే 'జాతి బి' అంటుంది. రెండూ ఒకటో కాదో చెప్పే నాథుడు ఉండడు.

గట్టు మీద
రక్షణ కోసం పేరు అనే వాదన వింటే నాకు మీసా ఎ గుర్తుకొస్తుంది. అదీ పిల్బరాలోనిదే, రోబ్ నది లోయలోని ఇనుప ఖనిజపు గుట్ట. 2007లో అక్కడి గనిని పశ్చిమ ఆస్ట్రేలియా పర్యావరణ సంస్థ మొదట వద్దంది. కారణం ఈ కొరడా తేళ్ల వంటి భూగర్భ జీవులే. తర్వాత గుట్టలో కొంత భాగాన్ని తవ్వకుండా వదలాలనే షరతుతో అనుమతి వచ్చింది. ఆ లోయ గుట్టల జాతులకు పేర్లు పెట్టిన వ్యాసం వెలువడింది 2008లో. తేదీలు చూడండి: ముందు అభ్యంతరం, ఆ తర్వాత పేర్లు. అక్కడ పని చేసింది 'ఈ గుట్టలో ఉన్నది పక్క గుట్టలో లేదు' అనే సాక్ష్యం. మీ దగ్గర ఆ సాక్ష్యం ఉందా? పక్క గుట్టల్లో ఎన్ని బోర్లు చూశారు?

మట్టిపెళ్ల
ఒక గుట్టలో నాలుగు బోర్లు. ఒక్కటీ దొరకలేదు. నాలుగు బోర్లతో 'లేదు' అనలేమని నాకూ తెలుసు.

గులకరాయి
అయినా నియమావళి అడ్డురాదు. మగది ఉండాలనో, పది నమూనాలు ఉండాలనో జంతు నామకరణ నియమావళిలో ఎక్కడా లేదు. 1999 తర్వాత ప్రచురించే పేరుకు మూల నమూనా, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనా, ఏదో స్పష్టంగా చెప్పాలి, దాన్ని ఎక్కడ భద్రపరుస్తారో రాయాలి, ఇతర జాతుల నుంచి వేరుచేసే లక్షణాలు ఇవ్వాలి. 1872లో శ్రీలంక నుంచి ఈ వర్గంలో మొదటి జాతిని వర్ణించినప్పుడు ఈ పాటి కట్టుబాటు కూడా లేదు. అప్పుడు పెట్టిన ప్రజాతి పేరు నిక్టలాప్స్ అంతకుముందే ఒక పక్షికి ఉందట! అందుకే 1899లో స్కిజోమస్ అని మార్చారు. పొరపాటు జరిగితే దిద్దుకునే దారి ఉందనడానికే ఇది చెప్పాను.

చీకటి మెట్టు
నియమం ఒప్పుకున్నంత మాత్రాన మంచి పని అయిపోదు. ఇక డీఎన్ఏ సంగతి. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది. గుట్టకూ గుట్టకూ మధ్య ఎండిన నేల దాటలేని జీవుల్లో ఆ ఒక్క జన్యువు చూస్తే ప్రతి గుట్టా ఒక కొత్త జాతిలా కనిపించే ప్రమాదం ఉంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక జన్యువులు కూడా అదే మాట చెబితే నేను మీ వైపు వస్తాను. మరో విషయం, పాలిపోయిన రంగు, సాగిన కాళ్లు చూసి బంధుత్వం లెక్కకట్టకండి. చీకట్లో బతికే ఎవరికైనా అవి విడివిడిగా వస్తాయి.

పాత సీసా
దీనికి నేనూ సరే అంటాను, అయితే రెండు షరతులు. డీఎన్ఏ కోసం పిల్లల కాళ్లు తీసుకోండి. ఎదిగిన ఆడదాని నుంచి తీయక తప్పకపోతే ఒక వైపు కాలు ఒక్కటే తీయండి. శుక్రగ్రాహికలను విడదీసి శుభ్రం చేసేముందే అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి. ఆ పనిలో అవి చిరిగితే మీ మూల నమూనా ఖాళీ సంచీయే. నా చేతిలో ఒకసారి అదే జరిగింది, ఇప్పటికీ ఆ సీసా చూడబుద్ధి కాదు.

మట్టిపెళ్ల
ఫోటోలు అయిపోయాయి. పిల్లల కాళ్ల నుంచి రెండు కేంద్రక జన్యువులు చదివించడానికి ఈ వారం పంపిస్తున్నాను. వర్షాల తర్వాత నేల తడిగా ఉన్నప్పుడు పక్క గుట్టలో మరిన్ని ఉచ్చులు దింపడానికి గని వారిని అడిగాం, ఇంకా జవాబు లేదు. జన్యువులు కలిసొస్తే మగది లేకపోయినా రాస్తాను. నాతో పనిచేసే ఆవిడ మాత్రం రచయితల వరుసలో తన పేరు వేయవద్దన్నారు.

పాత సీసా
ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి.