సమస్య: మేక పాలు వోసి మేకు గొట్టె

ఈ వారం ఆటవెలది చివరి పాదాన్ని ఇస్తున్నాను. మేక మేకు ఎలా కొడుతుందన్న చిక్కును ఒక హీబ్రూ స్త్రీనామపు అర్థంతో విప్పాలి. బైబిలులో న్యాయాధిపతుల గ్రంథం 4, 5 అధ్యాయాలు చదివినవారికి దారి దొరుకుతుంది.

మొదటి పూరణ

సీసెరాకు దప్పి చెలరేగ యాయేలు
నీరు మాని పాలు నించి యిచ్చె
కొండమేక యన్న గుఱుతైన పేరుతో
మేక పాలు వోసి మేకు గొట్టె.

వివరణ: 900 ఇనుప రథాల సేనాధిపతి సీసెరా ఓడిపోయి, కాలినడకన పారిపోయి వచ్చి నీళ్ళడిగితే, యాయేలు పాలతిత్తి విప్పి తాగించి, అతడు నిద్రపోయాక గుడారపు మేకును కణతలో దిగగొట్టింది.

రెండో పూరణ

అలసి వచ్చినట్టి యతనికి నీడిచ్చి
కంబళంబు గప్పి కణత జూచి
హెబెరు పత్ని మదిని నించుక జంకక
మేక పాలు వోసి మేకు గొట్టె.

విమర్శ

మొదటి పూరణలో మేక జంతువు కాదు, మనిషి పేరు. చిక్కు అక్కడే విడిపోయింది. అయితే రెండో పాదంలో పోసిన పాలనే నాలుగో పాదంలో మళ్ళీ పోశారు. ‘నీరమడుగువాని నెమ్మి బిలిచి’ అని మారిస్తే ఆ పునరుక్తి పోతుంది. ‘కొండమేక’ను మాత్రం కదపవద్దు. హీబ్రూలో పెంపుడు మేకకు ‘ఏజ్’ అనే వేరే మాట ఉంది. ‘యాయేల్’ అంటే మృతసముద్రపు ఒడ్డున ఏన్‌గెదీ కొండచరియల మీద ఇప్పటికీ తిరిగే, వెనక్కు వంగిన కొమ్ముల అడవిమేక. వ్యాకరణరీత్యా ఆ మాట పుంలింగమే (ఆడదాన్ని ‘యఅలా’ అంటారు), అయినా ఇజ్రాయెల్‌లో నేటికీ ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుకుంటున్నారు.

రెండో పూరణకు ధార ఉంది (హెబెరు యాయేలు భర్త). కానీ ‘మేకపాలు’ అని సమాసం చేయడంతో పేరు మాయమైంది, పేరుతోపాటు సమస్యా మాయమైంది. పైగా మూలంలో పాలు ఏ పశువువో చెప్పలేదు. కణత చూసుకున్నాక పాలు పోయడం క్రమభంగం కూడా.

రెండో పూరణ కర్త: క్రమభంగాన్ని ఒప్పుకుంటున్నానండీ. మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొందిక) చెల్లినట్టేనా?

జవాబు: చెల్లిందండీ. ‘నించుక’లో నకారం ద్రుతం, అంటే ముందు పదం చివర చేరిన ‘న్’; దాని వెనుక ఉన్న ఇకారానికి ‘హె’తో మైత్రి ఉంది.