కోచ్‌కి టైమ్ ఇవ్వాలా, కప్పు అడగాలా?

పటమట కుర్రాడు:
2025 జూన్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ టాటెన్‌హామ్ తన కోచ్ పోస్టెకోగ్లూని తీసేయడం కరెక్టే అంటాను. యూరోపా లీగ్ కప్పు గెలిచి 16 రోజులే అయింది, ఒప్పుకుంటా. కానీ లీగ్‌లో 38 మ్యాచుల్లో 22 ఓడి, 20 టీముల్లో 17వ స్థానం! ఓడిన ప్రతిసారీ ఇది నా ఆట ఫిలాసఫీ అంటే ఎన్నాళ్లు వింటాం?

బ్రాడీపేట నాలుగో లైను:
తమ్ముడూ, పాయింట్ల టేబుల్ ఒక్కటే చూసి కోచ్‌ని తూచడం దగ్గరే నాకు పేచీ. మాంచెస్టర్ యునైటెడ్ ఓపిక పట్టి నిలబెట్టుకున్న కోచ్ ఫెర్గూసన్ కథ అందరూ చెప్పేదే, వదిలెయ్. ఆర్సెనల్ క్లబ్ కోచ్ ఆర్టెటాని చూడు. అతని టీమ్‌కి వరుసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానం. 2021 ఆగస్టులో మొదటి మూడు మ్యాచులూ ఓటమే, ఒక్క గోల్ లేదు. మాంచెస్టర్ సిటీ చేతిలో ఐదు తిన్నారు. ఆ రోజే పంపించేసినా అదేమని అడిగేవాళ్లు లేరు. కానీ ఆ వేసవిలో కొన్న ఆరుగురూ 23 ఏళ్లు దాటనివాళ్లు. ఏం కడుతున్నాడో చూసేవాళ్లకి తెలుస్తూనే ఉంది. 2023 నుంచి వరుసగా మూడేళ్లు రెండో స్థానంలో నిలిచారు.

కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా అంటున్నా. ఇక్కడ గుంటూరులో ఒక అండర్-14 టీమ్ ఉంది. వాళ్ల కోచ్ గోల్‌కీపర్‌ని బంతి గాల్లోకి తన్ననిచ్చేవాడు కాదు. పక్కనున్న డిఫెండర్ కాళ్ల దగ్గరికే ఇవ్వాలి. మొదటి నెలంతా ఆ పాసు ఎదుటివాళ్లకి దొరికి గోల్స్ పడ్డాయి. పిల్లాడు ఏడ్చాడు కూడా. మూడో నెలకి బంతిని అరికాలి కింద పెట్టి, తలెత్తి, ఎదుటివాడు మీదికొచ్చేదాకా ఆగి, అప్పుడు ఇచ్చేవాడు. పదమూడేళ్ల పిల్లాడికి ఆ నిదానం ఎక్కణ్నుంచి వస్తుంది, ఎవరైనా ఓపిగ్గా నేర్పితే తప్ప? రెండు టోర్నమెంట్లు పోయాయని ఆ కోచ్‌ని మానిపించారు. ఇప్పుడు ఆ పిల్లాడు బంతి రాగానే కళ్లు మూసుకుని తన్నేస్తున్నాడు. గెలుస్తున్నారు కూడా. నాకైతే చూడబుద్ధి కావడం లేదు.

పటమట కుర్రాడు:
పిల్లల సంగతి వేరన్నా, అక్కడ మీ మాట ఒప్పుకుంటా. క్లబ్బుల్లో మాత్రం మొండితనానికి కూడా ఫిలాసఫీ అని పేరు పెడుతున్నారు. 2023 నవంబర్‌లో చెల్సీ మీద తొమ్మిది మందే మిగిలినా పోస్టెకోగ్లూ డిఫెన్స్‌ని సెంటర్ లైన్ దగ్గరే నిలబెట్టాడు. 4-1తో పోయింది.

బ్రాడీపేట నాలుగో లైను:
ఆ మ్యాచ్ విషయంలో నీదే కరెక్టు. కానీ అదే మనిషి బిల్బావోలో జరిగిన ఆ యూరోపా లీగ్ ఫైనల్లో టీమ్ మొత్తాన్ని వెనక్కి లాగి 1-0ని కాపాడుకున్నాడు. మారడం నేర్చుకున్నాక తీసేశారనే నా బాధ.

మన హైదరాబాద్ రహీమ్ గారిని తలుచుకో. 1956 ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన కోచ్. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ గారు అతన్ని గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. ఏళ్ల తరబడి నేర్పిన ఆట ఉంది కాబట్టే అంత మార్పు చేసినా టీమ్ చెదరలేదు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. 2-1తో గెలిచాం, అందులో ఒక గోల్ జర్నైల్‌దే.