తెరమీద గీసిన కీబోర్డు బొమ్మలో ట్యాబ్ తప్ప కీలన్నీ అతుక్కుపోతున్నాయి, ఎక్స్‌కేబీ తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న (అనంతపురం):
అన్నా, టవర్‌క్లాక్ దగ్గర మా మామకు టైపింగ్ సెంటర్ ఉంది. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు టైపింగ్‌కు వాడే కీల అమరిక) నేర్చుకునే పిల్లలకు ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించడానికి, తెరమీద కీబోర్డు బొమ్మ గీసే ప్రోగ్రామ్ సీలో రాస్తున్నా. ఉబుంటు. కొలతలు ఎక్స్‌కేబీ (లినక్స్ ఎక్స్ విండోలో కీబోర్డు సంగతి చూసేది) జియోమెట్రీలో, అంటే కీల ఆకారం, చోటు రాసే భాగంలో పెడుతున్నా. యాడ్‌జియోమ్‌సెక్షన్, యాడ్‌జియోమ్‌రో (విభాగం, వరస చేర్చే ఫంక్షన్లు) అయ్యాక ఒక్కో కీకీ యాడ్‌జియోమ్‌కీ పిలిచి, గ్యాప్ 10 ఇచ్చి, తర్వాత పేరు పెడుతున్నా. ట్యాబ్ ముందు ఖాళీ సరిగ్గా వస్తోంది. ఆ పక్కన క్యూ నుంచి చివరి దాకా అన్నీ అతుక్కుపోయాయి. చూద్దామని ఒక కీకి 300 ఇస్తే 256 అయి కూర్చుంది! రెండు రాత్రులు పోయాయి. సోమవారం మామకు చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (కర్నూలు):
గ్యాప్ అంటే వరస మొదలు నుంచి దూరం అనుకున్నావేమో. శనక్కాయ విత్తేటప్పుడు గట్టు నుంచి కొలుస్తామా? ముందు గింజకు ఎడం చూస్తాం. ఇదీ అంతే, ముందు కీ అంచు నుంచి ఖాళీ. లెక్క మిల్లీమీటరులో పదో వంతు. 18 మి.మీ. కీ అంటే 180.

ప్రశ్న అడిగినవారు:
అది తెలుసన్నా, 1 మి.మీ. కోసమే 10 ఇచ్చా.

జవాబు (కడప):
ఆ 256 దగ్గరే దొంగ దొరికాడు తమ్ముడూ. పేరు స్ట్ర్‌కాపీతో (సీలో అక్షరాలు కాపీ చేసే ఫంక్షన్) పెడుతున్నావు కదూ? కీ పేరుకు ఉన్నది సరిగ్గా 4 బైట్లు, మాట అయిపోయిందని సీ చివర పెట్టే సున్నాకు చోటు లేదు. క్యూ కీ పేరు ఏడీ01, అదే నాలుగు అక్షరాలు. స్ట్ర్‌కాపీ ఊరుకోదు, ఐదో బైటుగా సున్నా కూడా రాస్తుంది. కీ వివరాలు దాచే స్ట్రక్చర్‌లో పేరు పక్కనే ఉన్నది గ్యాప్. మన పీసీల్లో సంఖ్యలోని చిన్న బైటు ముందు ఉంటుంది కాబట్టి దెబ్బ దానికే తగిలింది. 10 మొత్తం ఆ బైటులోనే ఉంటుంది, సున్నా అయింది. 300 అంటే 256కు 44 కలిపితే, అందులో 44 ఎగిరిపోయింది. ట్యాబ్‌కు మూడక్షరాలే, సున్నాతో కలిపి నాలుగు. అందుకే అది బతికింది.

ఎన్ని బైట్లు రాయాలో చెప్పే స్ట్ర్‌ఎన్‌కాపీ వాడి 4 అని ఇవ్వు. పేర్లు పోల్చేటప్పుడు కూడా స్ట్ర్‌ఎన్‌కంప్, 4. పేరు ముందు పెట్టి గ్యాప్ తర్వాత ఇచ్చినా బొమ్మ కుదురుతుంది గానీ, అది పుండు మీద గుడ్డ కప్పడమే. ఏదో ఒక కీకి గ్యాప్ తర్వాత పేరు రాసే రోజు మళ్లీ ఏడుస్తావు.

ఇంకోటి, యాడ్‌జియోమ్‌కీ ఇచ్చిన పాయింటర్లు (మెమరీలో కీ ఉన్న చోటు) దాచుకోవద్దు. వరసకు చెప్పిన సంఖ్య దాటితే కీల పట్టీ మెమరీలో వేరే చోటికి వెళ్లొచ్చు. ట్యాబ్ వరసకు ముందే 14 అని చెప్పు.

జవాబు (కర్నూలు):
నిజమే, నేను కోడ్ అడగకుండానే మాట్లాడా. ఒక్క మాట, ఎక్స్‌కు బదులు వచ్చిన వేలాండ్ వైపు కీబోర్డు చూసే లైబ్రరీ లిబ్‌ఎక్స్‌కేబీకామన్, జియోమెట్రీని అసలు పట్టించుకోదు. కొలతలన్నీ నీ ప్రోగ్రామ్‌లోనే నింపుకుంటున్నావు కాబట్టి నీకు ఇబ్బంది లేదు.

ప్రశ్న అడిగినవారు:
కుదిరిందన్నా! మామకు అప్పుడే చూపించా. మెచ్చుకోకుండా, "మన పాత బోర్డుల్లో ఎంటర్ రెండు వరసల మీద వంకరగా ఉంటుంది కదరా, ఇదేంది" అన్నాడు.

జవాబు (కడప):
షేప్ అవుట్‌లైన్‌కు ఒక్క బిందువిస్తే దీర్ఘచతురస్రమే. ఆ ఎంటర్‌కు ఆరు మూలలూ ఇవ్వు.